ఎనలాగ్ డిలేనా, డిజిటల్ డిలేనా? చర్చికీ జాతరకీ రెండిటికీ వాడాల

రేణిగుంట_రిఫ్:
అన్నలూ అక్కలూ నమస్తే. నేను ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తా, మిగతా రోజుల్లో ఎవురు పిలిస్తే వాళ్ల ఆర్కెస్ట్రాలో, తిరుపతి చుట్టుపక్కల జాతర్లు, పెళ్లి రిసెప్షన్లు అన్నీ. ఇన్నాళ్లూ ఎఫెక్టులన్నీ ఒకే పెట్టెలో ఉండే పాత ప్రాసెసర్ మీదనే లాగించినా, ఇప్పుడు డిలే పెడల్ (వాయించింది రవంత ఆగి మళ్లీ మళ్లీ వినిపించే పెట్టె) ఒకటి విడిగా పెట్టుకోవాలని ఉండాది. ఎవుర్ని అడిగినా "ఎనలాగ్ తీసుకోరా, వామ్‌గా, అంటే వెచ్చగా మెత్తగా, ఉంటాది" అంటారు, ఎందుకు వామ్ అంటే "ఎనలాగ్ కదా మరి" అంటారు, ఇదేం జవాబు సామీ. సర్క్యూట్లో అసలు తేడా ఏందో, నాలాంటోడికి ఏది పనికొస్తాదో రవంత వివరంగా చెప్పండి. సోల్డరింగ్ వచ్చు, కట్టుకోమంటే కట్టుకుంటా. బడ్జెట్ ఎంతని మాత్రం అడగొద్దు, తక్కువే.

గాజులమండ్యం_గిటార్:
ఎనలాగే తమ్ముడూ, ఇంగ మాట్లాడేదేం లేదు. నా కాడ బాస్ డీఎం-2 ఉండాది, 1981లో వచ్చిన మోడల్. రిపీట్స్ ఒకదాని వెనక ఒకటి కరిగిపోతా పోతాయి, గిటార్‌కి అడ్డం రావు. డిజిటల్‌లో ప్రతి రిపీటూ మళ్లీ నువ్వే వాయించినట్టు మొహం మీదకొస్తాది.

కీస్_కాణిపాకం:
అదిగో, "కరిగిపోతా" అన్నాడు. పాపం ఆ పిల్లోడు సర్క్యూట్ అడిగితే నువ్వు నెయ్యి గురించి చెప్తావేందన్నా 😄

సోల్డర్_సామి:
నేను చెప్తా ఉండు. చిత్తూరులో యాంప్లిఫైయర్లు రిపేరు చేసేవాడిని, ఇవి చాలా విప్పినా.

ఎనలాగ్ డిలేలో ఉండేది బీబీడీ అనే చిప్పు, బకెట్ బ్రిగేడ్ డివైస్. 1969లో ఫిలిప్స్ ల్యాబులో సాంగ్‌స్టర్, టీర్ అని ఇద్దరు కనిపెట్టినారు, తర్వాత పానసోనిక్ వాళ్లు ఎంఎన్3005, ఎంఎన్3205, ఎంఎన్3007 అని వరసగా దించినారు. లోపల ఏముంటాదంటే వేల కెపాసిటర్లు లైనుగా, ఒక్కోదాని మధ్యలో స్విచ్చు మాదిరి మాస్‌ఫెట్టు. మిద్దెకి స్లాబ్ వేసేటప్పుడు మనుషులు కింద నుంచి పైదాకా నిలబడి కాంక్రీటు బాండ్లీ చేతులు మార్చుకుంటా పోతారే, అదే లెక్క. గిటార్ సిగ్నల్‌లో ఆ క్షణానికి ఎంత వోల్టేజీ ఉంటే అంత చార్జీ మొదటి బాండ్లీలో పడతాది, క్లాక్ (ఒకే వేగంతో టిక్కుటిక్కుమనే సిగ్నల్) కొట్టినప్పుడల్లా పక్కోడి చేతికి పోతాది, చివరోడి కాడికి వచ్చేటప్పటికి ఎంత టైమైందో అదే నీ డిలే. పక్కోడికి అందుకోవాలంటే చేయి ఖాళీగా ఉండాల కాబట్టి ఎప్పుడు చూసినా సగం మంది చేతుల్లోనే సరుకు ఉంటాది. అంటే 4096 స్టేజీల (అన్ని బాండ్లీల) చిప్పులో నిజంగా ఉండే శాంపిళ్లు, అదే వోల్టేజీ ముక్కలు, 2048 మాత్రమే. చేతులు మారేటప్పుడు రవంత రవంత కింద పోతాది చూడు, ఆ పోయేదాన్నే మనోళ్లు వామ్ అంటారు.

డీఎస్పీ_దివిటీ:
సామి గారు చెప్పింది కరెక్టే, కాకపోతే చార్జీ కారిపోవడం కంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది, చాలామంది వదిలేసేది కూడా అదే. (మాది మదనపల్లి, బెంగళూరులో ఆడియో ఫర్మ్‌వేర్ రాస్తుంటాను.)

అసలు బీబీడీ కూడా శాంప్లింగే చేస్తుంది. నిరంతరంగా సాగే సిగ్నల్ ఏం కాదు అది, ముక్కలు ముక్కలుగా కోసిన వోల్టేజీలే. ఆ వోల్టేజీని నంబరుగా మార్చదు కాబట్టి దాన్ని ఎనలాగ్ అంటున్నాం అంతే. ఇప్పుడు లెక్క చూడండి, 4096 స్టేజీల చిప్పుతో 300 మిల్లీసెకన్ల డిలే కావాలంటే 2048ని 0.3తో భాగించాలి, సెకనుకు సుమారు 6,830 శాంపిళ్లు వస్తాయి. పాత ల్యాండ్‌లైన్ ఫోను డిజిటల్ ఎక్స్ఛేంజీలో సెకనుకు 8,000 శాంపిళ్లు తీసుకునేవాళ్లు, దానికన్నా ఇది తక్కువ! సగం లెక్కన 3,400 హెర్ట్జ్ దాటిన సౌండ్ ఏదైనా లోపలికి పోతే తప్పుడు స్వరమై బయటికొస్తుంది, అందుకని ముందొక లో పాస్ ఫిల్టర్ (కింది స్వరాల్ని మాత్రమే పోనిచ్చేది) పెట్టి కోసేస్తారు. వెనక ఇంకోటి ఎందుకంటే 6,830 దగ్గర క్లాక్ కూడా చెవికి వినిపించే రేంజిలోనే ఉంటుంది కదా, ఆ కీచు ఆపాలి. ఫిల్టరు గీత గీసినట్టు కోయదు కాబట్టి ఇంకాస్త కిందనుంచే కోత మొదలవుతుంది, ప్రతి రిపీటూ మళ్లీ ఆ రెండు ఫిల్టర్ల గుండానే తిరిగి వస్తుంది, మొదటిదానికన్నా రెండోది మొద్దు, రెండోదానికన్నా మూడోది మొద్దు.

24 ఫ్రెట్ల గిటార్‌లో చిట్టచివరి స్వరం కూడా 1,320 హెర్ట్జ్ లోపలే కాబట్టి స్వరం పోదు, దాని మీద మెరుపు మాత్రం పోతుంది. వామ్ అంటే అదే.

గాజులమండ్యం_గిటార్:
అక్కా లెక్కలన్నీ ఒప్పుకుంటా, కానీ చెవికి తెలిసేది లెక్కలో రాదు. కంపాండర్ గురించి చెప్పలేదే నువ్వు?

డీఎస్పీ_దివిటీ:
వస్తున్నా అక్కడికే. బీబీడీలో బుస్సుమనే నాయిస్ ఎక్కువ, అందుకని లోపలికి పోయేముందు సిగ్నల్‌ని 2:1 కంప్రెస్ చేసి, బయటికొచ్చాక 1:2 ఎక్స్‌పాండ్ చేస్తారు, ఎన్ఈ570, ఎన్ఈ571 లాంటి చిప్పులతో, దాన్నే కంపాండర్ అంటారు. సిగ్నల్ తగ్గేకొద్దీ నాయిస్ కూడా దాంతోపాటే అణిగిపోతుంది. కాకపోతే మీటు కొట్టిన క్షణాన కంపాండర్ అందుకోవడానికి కొంచెం టైం పడుతుంది, ఆ మీటు అంచు గుండ్రంగా అవుతుంది. మీరు "అడ్డం రావు" అంటున్నది దీనివల్ల కూడా.

పుత్తూరు_పికప్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు, డిజిటల్‌లో ఏమవుతుందో ఎవురూ చెప్పలా ఇంకా.

డీఎస్పీ_దివిటీ:
డిజిటల్‌లో వోల్టేజీని నంబరు చేసి మెమొరీలో రాస్తారు, కావలసినంత సేపు పోయాక చదివి మళ్లీ వోల్టేజీ చేస్తారు. నంబరు ఎన్నిసార్లు కాపీ చేసినా అరగదు. 1983లో బాస్ డీడీ-2 వచ్చింది, 12 బిట్లు, 800 మిల్లీసెకన్లు, అప్పట్లో కాలికింద పెట్టుకునే పెట్టెలో అంత డిలే అంటే పెద్ద విషయం. ఇప్పుడు 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ లెక్కన ఒక సెకను మోనో ఆడియోకి 88,200 బైట్లు చాలు, మన ఫోన్లో ఒక ఫొటోకి దానికన్నా ఎక్కువ పడుతుంది. చిన్న కంపెనీల పెడల్స్‌లో ఎక్కువ కనిపించే ఎఫ్‌వీ-1 చిప్పు అయితే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌తో నడుస్తుంది, క్వార్ట్జ్ వాచీలో ఉండే క్రిస్టలే, దాని డిలే మెమొరీ 32,768 శాంపిళ్లు, అంటే సరిగ్గా ఒక సెకను.

కానీ తమ్ముడూ, ఎనలాగా డిజిటలా అనేదానికన్నా టైం నాబు తిప్పితే లోపల ఏం మారుతుంది అన్నదే నన్నడిగితే అసలు తేడా. బీబీడీలో స్టేజీలు ఇన్నే అని ఫిక్స్, క్లాక్ స్పీడు మారుతుంది. అందుకే డిలే పెంచితే సౌండు మొద్దవుతుంది, మోగుతుండగా నాబు తిప్పితే శ్రుతి జర్రున జారుతుంది. ఇప్పటి డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పెడల్స్‌లో క్లాక్ ఫిక్స్, ఎంత వెనకనుంచి చదవాలన్నది మాత్రం మారుతుంది. 50 పెట్టినా 900 పెట్టినా ఒకే క్వాలిటీ. శ్రుతి జారాలంటే దానికి విడిగా కోడ్ రాయాలి, నేను రాశాను కాబట్టి చెప్తున్నా, అది సరిగ్గా రావడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

సోల్డర్_సామి:
ఈ అమ్మాయి చెప్పింది బంగారం. దీన్ని పట్టుకొనే నేను పీటీ2399 కాడికి వస్తా.

తమ్ముడూ, మీ ఆర్కెస్ట్రాకి సౌండు పెట్టేవాళ్ల మైకు యాంప్లిఫైయర్ మీద "ఎకో" అని నాబు ఉంటాది చూడు, "మైక్ టెస్టింగ్ టింగ్ టింగ్ టింగ్" అంటాదే, దాన్ని విప్పితే చానావాట్లో ఉండేది పీటీ2399 అనే 16 కాళ్ల చిప్పు. తైవాన్‌దిది, ప్రిన్స్‌టన్ టెక్నాలజీ వాళ్లది, కారియోకీ కోసం చేసినారు. మార్కెట్లో ఎనలాగ్ డిలే అని అమ్మే చవక పెడల్స్ వెనకమూత విప్పి చూడు, శానా వాట్లో ఇదే నవ్వుతా ఉంటాది. అది పక్కా డిజిటల్, లోపల 44 కిలోబిట్ల ర్యామ్ ఉండాది.

మరి ఎనలాగ్ మాదిరి ఎందుకు వినిపిస్తాదంటే, మెమొరీ ఫిక్స్, క్లాక్ మారుతుంది, బీబీడీ మాదిరే! 6వ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్యలో రెసిస్టర్ పెంచితే క్లాక్ మెల్లగవుతుంది, డిలే పెరుగుతుంది, దాంతోపాటే గరగర కూడా. డేటాషీట్‌లో 27.6 కిలో ఓమ్స్‌కి 342 మిల్లీసెకన్లు ఇచ్చినారు, అక్కడిదాకా బాగుంటాది. 50కే (50 కిలో ఓమ్స్) పాట్, అంటే తిప్పే రెసిస్టర్, వేస్తే 600 దాకా సాగుతాది కానీ పాత టేపు మాదిరి గీరతాది, కొంతమందికి అదే ఇష్టం, నాకు కాదు.

గాజులమండ్యం_గిటార్:
చూసినారా, పీటీ2399ని కూడా ఎనలాగ్ అని అమ్ముతా ఉండారంటే ఎనలాగ్‌కి ఎంత విలువ ఉండాదో 😎

సరే, ఒకటి చెప్పండి. ఫీడ్‌బ్యాక్ నాబు (రిపీట్‌ని మళ్లీ లోపలికి పంపేది) ఫుల్లుగా తిప్పితే నా డీఎం-2 ఉబ్బి ఉబ్బి గుండ్రంగా అరుస్తాది, పాడే కొద్దీ మెత్తబడతాది. డిజిటల్ దాంట్లో అట్ల చేస్తే చెవులు చిల్లులు పడతాయి. దీనికేమంటారు?

డీఎస్పీ_దివిటీ:
నిజమే, కాదనను. రిపీట్ ఒకటికి మించి గెయిన్‌తో తిరిగితే ఏదో ఒకచోట ఆగాలి. బీబీడీ మెల్లగా సాచురేట్ అవుతుంది, ఫిల్టర్లు పైదంతా తినేస్తాయి కాబట్టి అరుపు గుండ్రంగా ఉంటుంది. నంబర్లకి ఆ మెత్తదనం లేదు, గరిష్ఠ నంబరు దాటితే టక్కున తెగుతుంది. అందుకే ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక లో పాస్ ఫిల్టరూ ఒక సాఫ్ట్ క్లిప్పరూ (టక్కున తెగకుండా మెల్లగా అణిచేది) కోడ్‌లో పెడతాం. అవి పెట్టిన డిజిటల్ డిలేని, మీ డీఎం-2నీ ఒకే టైముకి పెట్టి బ్యాండ్ మధ్యలో వాయిస్తే తేడా పట్టుకోవడం కష్టమని నా నమ్మకం. ఇంట్లో ఒంటరిగా హెడ్‌ఫోన్లో వింటే పట్టుకుంటారు, సరేనా.

గాజులమండ్యం_గిటార్:
బ్యాండ్ మధ్యలో అయితే నేను వాయిస్తా ఉండానో లేదో కూడా ఎవురికీ తెలీదక్కా.

కీస్_కాణిపాకం:
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన నిజమైన మాట ఇదొక్కటే.

రేణిగుంట_రిఫ్:
అబ్బా, ఇన్నాళ్లకి అర్థమైంది ఎందుకు వామ్ అంటారో. అక్కా, సామన్నా, థ్యాంక్స్. ఇప్పుడు నా సంగతి. చర్చిలో స్లో పాటలు ఎక్కువ, 70 బీపీఎం (నిమిషానికి 70 బీట్లు), 75 అట్ల. జాతర్లో అన్నీ ఫాస్టే, పక్కన పలకలు కొడతా ఉంటారు. ఏది తీసుకోవాల?

పుత్తూరు_పికప్:
చర్చి సంగతి నేను చెప్తా, నేనూ అదే బాపతు. వర్షిప్ పాటల్లో డాటెడ్ ఎయిత్ డిలే (ఒక బీటులో ముప్పావు వంతు) కావాల గదా, లెక్క సింపుల్, 60,000ని బీపీఎంతో భాగించి 0.75తో గుణించు. 120కి 375 మిల్లీసెకన్లు. 70కి చూడు, 643. డీఎం-2కి అందేది 300, కార్బన్ కాపీ అనే ఇంకో ఎనలాగ్ పెడల్ తీసుకున్నా 600 కాడ ఆగిపోతాది. 2014లో వచ్చిన డీఎం-2డబ్ల్యూలో కస్టమ్ మోడ్ పెడితే 800 దాకా పోతాది గానీ, పాట మధ్యలో డ్రమ్మర్ స్పీడు మారిస్తే నాబు వంగి తిప్పుకుంటా కూర్చోలేవు. ట్యాప్ టెంపో (లయకి తగ్గట్టు కాలితో తడితే డిలే టైం అదే కుదురుకునేది) కావాల. బీబీడీ పెడల్స్‌లో ట్యాప్ ఉండేవి ఉండాయి, దానికోసం క్లాక్‌ని మైక్రోకంట్రోలర్‌తో నడిపిస్తారు, రేటు చూస్తే మాత్రం మన బడ్జెట్లు కావు. డిజిటల్‌కి పో.

కానీ ఒక మాట, మా చర్చి కాంక్రీటు హాలు, గోడలే చెప్పిందల్లా తిరిగి చెప్తాయి. అందులో రిపీట్స్ కూడా తళతళా వస్తే పాడేవాళ్ల మాటలు మింగేస్తాయి, పాస్టర్ గారు నా వైపే చూస్తారు. కాబట్టి టోన్ నాబు ఉండే డిజిటల్ చూసుకో, సగానికి కిందే పెట్టు.

డీఎస్పీ_దివిటీ:
దీనికి +1. ఇంకోటి చూసుకోండి, కొనేముందు డ్రై సిగ్నల్ ఎనలాగ్‌గా పోతుందా లేదా అని అడగండి. కొన్ని పెడల్స్‌లో మీ అసలు గిటార్ సౌండ్ కూడా నంబరై తిరిగొస్తుంది, ఒకటి రెండు మిల్లీసెకన్లు లేటవుతుంది. ఒక్క పెడల్‌తో తెలీదు, అలాంటివి మూడు నాలుగు వరసగా పెడితే చేతికి తెలుస్తుంది. బాస్ డీడీ-3 లాంటి వాటిలో డ్రై పక్కనుంచి ఎనలాగ్‌గానే పోతుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మంచిదే. ట్యాప్ మాత్రం పాతవాటిలో ఉండదు.

కీస్_కాణిపాకం:
జాతర గురించి నేను చెప్తా. గంగమ్మ జాతరప్పుడు స్టేజీ ఎక్కిన అనుభవంతో. పక్కన పలకలు, ఎదురుగా బాక్సులు, జనం ఈలలు, నీ రిపీట్స్ వామా కూలా అని అమ్మవారు కూడా పట్టించుకోదు. లీడ్ వాయించేటప్పుడు సౌండు రవంత లావుగా ఉంటే చాలు. 100, 120 మిల్లీసెకన్లు ఒకే ఒక్క రిపీట్. దానికి ఖరీదైన పెడల్ తీసుకొచ్చి దుమ్ములో, కొబ్బరికాయ నీళ్లలో పెట్టొద్దు.

సోల్డర్_సామి:
అది కరెక్టు. జాతరకి పీటీ2399తో నువ్వే కట్టుకో తమ్ముడూ. ఆ 100, 120లో ఆ చిప్పు చానా శుభ్రంగా ఉంటాది. చెన్నై రిచీ స్ట్రీట్లో దొరుకుతాది, పొద్దున రైలుకి పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఒకటి కాదు నాలుగైదు తెచ్చుకో, ఒక్కో ముక్క ఒక్కో మాదిరి నాయిస్ ఇస్తాది, సాకెట్ పెట్టి మార్చి మార్చి చూసి మంచిది ఉంచుకో.

కట్టేటప్పుడు మూడు సంగతులు. 6వ పిన్ను కాడ పాట్‌కి వరసలో 2.7కే రెసిస్టర్ తప్పకుండా వేయి. అది లేకుండా నాబు జీరో మీద పెట్టి పవరిచ్చినావనుకో, చిప్పు బిగుసుకుపోయి మాట్లాడదు, పవర్ తీసి ఇస్తేగానీ లేవదు. రెసిస్టర్ వేస్తే కనీస డిలే 60 మిల్లీసెకన్ల కాడ ఆగుతాది, నీకది చాలు. రెండోది, 3 ఎనలాగ్ గ్రౌండ్, 4 డిజిటల్ గ్రౌండ్, రెండిట్నీ చిప్పు కాడ ఒకే చోట కలుపు, బోర్డంతా తిప్పి కలిపితే గుయ్ మంటాది. చిప్పుకి 5 వోల్టులు కావాల కాబట్టి 78ఎల్05 రెగ్యులేటర్ వేసి దాని అవుట్‌పుట్‌లో 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ రెండూ చిప్పుకి ఆనుకొని పెట్టు.

రేణిగుంట_రిఫ్:
సామన్నా, ఎటూ కడతా ఉండా కదా, బీబీడీతోనే కట్టేస్తే ఎట్లుంటాది? ఎంఎన్3005లు ఆన్‌లైన్‌లో చవగ్గా కనపడతా ఉండాయి.

సోల్డర్_సామి:
చవగ్గా కనపడితే కళ్లు మూసుకో. పానసోనిక్ ఆ చిప్పులు ఆపి ఎన్నేళ్లో అయింది. వేరే చిప్పు మీద రాత గీకేసి 3005 అని కొత్తగా ముద్ర కొట్టినవే తిరగతా ఉంటాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే పైన రంగు ఊడొస్తే అనుమానించాల. నీకు బీబీడీనే కావాలంటే కూల్ఆడియో వాళ్ల వీ3205 తీసుకో, కొత్తగా తయారయ్యేదే, తక్కువ వోల్టేజీకి పనిచేస్తాది, ఎంఎన్3005 మాదిరి 15 వోల్టులు అడగదు.

కానీ మొదటిసారికి వొద్దనే చెప్తా. చిప్పు ఒక్కటే కాదు, రెండు ఫేజుల క్లాక్‌కి ఎంఎన్3102 మాదిరి డ్రైవరు, ముందూ వెనకా ఫిల్టర్లు, కంపాండరు, ఇవన్నీ అయినాక బయాస్ ట్రిమ్మర్ (చిప్పుకి సరైన వోల్టేజీ కుదిర్చే చిన్న నాబు) తిప్పడం. ఆసిలోస్కోప్ ఉంటే సైన్ వేవ్ పంపించి పైనా కిందా సమానంగా తెగేదాకా తిప్పొచ్చు. స్కోప్ లేకుంటే వెట్ సిగ్నల్ (డిలే అయి వచ్చే సౌండు) ఒక్కటే వింటా గట్టిగా ఒక తీగ మీటి ట్రిమ్మర్ మెల్లగా తిప్పాల, ఒక పక్క ఏమీ వినపడదు, రవంత జరిపితే బర్రుమని వస్తాది, ఇంకా జరిపితే శుభ్రమవుతాది, దాటితే మళ్లీ బర్రు. ఆ శుభ్రంగా ఉండే జాగా వెంట్రుకంత ఉంటాది.

గాజులమండ్యం_గిటార్:
ఆ వెంట్రుకంత జాగాలో ఉండేదే టోన్ సామన్నా. తమ్ముడూ నువ్వు అనుకున్నట్టే చెయ్యి, నేనేం అడ్డం చెప్పను, కానీ డబ్బులు కుదిరినాక ఒక బీబీడీ పెడల్ కొనకపోతే అడుగు.

రేణిగుంట_రిఫ్:
అప్‌డేట్. చర్చికి ట్యాప్ ఉండే డిజిటల్ ఒకటి సెకండ్ హ్యాండ్ తీసుకున్నా, పికప్ అన్న చెప్పినట్టు టోన్ కిందికి పెట్టినా, బాగుండాది, పాడే అక్కలు కూడా ఏమీ అనలా. పీటీ2399 కూడా కట్టేసినా, రిపీట్స్ చక్కగా వస్తా ఉండాయి, 2.7కే వేసినా. ఒకటే తంటా, డిస్టార్షన్ పెడల్ ఆన్ చేస్తే సన్నగా కీచుమని ఒక సౌండు, డిలే టైం నాబు తిప్పితే ఆ కీచు కూడా పైకీ కిందికీ పోతాది. డిస్టార్షన్ ఆపితే ఉండదు.

డీఎస్పీ_దివిటీ:
టైం నాబుతో పాటు మారుతుందంటే అది క్లాకే. ఏ వరసలో పెట్టారు? డిలే ముందా, డిస్టార్షన్ ముందా? రెండిటికీ ఒకే అడాప్టరా?

రేణిగుంట_రిఫ్:
గిటార్, డిలే, డిస్టార్షన్, యాంప్. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో అన్నిటికీ.

సోల్డర్_సామి:
డిలేని డిస్టార్షన్ వెనక్కి మార్చు. ముందు ఉంటే చిప్పు నుంచి వచ్చే రవంత కీచుని కూడా డిస్టార్షన్ కొండంత చేస్తాది, పైగా రిపీట్లన్నీ కలిపి నలిపేస్తాది. మార్చినా పోకపోతే డిలేకి విడిగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడు. బ్యాటరీతో పోయిందంటే గొలుసు వైరే దొంగ, అప్పుడు డిలే బోర్డు మీద పవర్ వచ్చే కాడ 100 ఓమ్స్ రెసిస్టర్, దాని వెనక 220 మైక్రోఫారడ్ వేయి. బ్యాటరీతో కూడా పోకుంటే గ్రౌండ్ దావ చూడాల, బోర్డు వెనకవైపు ఫొటో తీసి పెట్టు, వెలుతుర్లో తియ్యి, పోయినసారి పెట్టినట్టు మొబ్బులో కాదు.

కీస్_కాణిపాకం:
ఫొటో పెట్టేముందు ఆ ఫ్లక్స్ మరకలు తుడువు నాయనా, సామన్న బీపీ పేషెంట్.